శ్రీకాకుళం కొత్తగా వచ్చారా? ఆదివారం ఒక చిన్న క్రైస్తవ సంఘానికి వెళ్లండి

ఉద్యోగం మీదో చదువు మీదో శ్రీకాకుళం వచ్చినవాళ్లకి ఆదివారం ఉదయమే ఎక్కువ దిగులు. మిగతా రోజులు పనిలో గడిచిపోతాయి. ఆ పూట మాత్రం, ఇంటి దగ్గరుంటే ఈపాటికి అమ్మ బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఇంకా తెమలలేదా?" అని కేకేసేది కదా అని గుర్తొస్తుంది. నేను గుంటూరు నుంచి 2018లో బదిలీ మీద వచ్చాను. అద్దె గదిలో రెండు ఆదివారాలు ఊరికే కూర్చుని ఏడ్చాను. మీరలా కూర్చోవద్దనే ఇది రాస్తున్నాను.

ముందు ఇక్కడి సంఘాల గురించి కాస్త తెలుసుకోండి. మా గుంటూరు వైపు లూథరన్లు ఎక్కువ. ఇక్కడ బాప్టిస్టులు పాతకాపులు. 1870ల నుంచి కెనడా మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి వంటి ఊళ్లలో పనిచేశారు. ఆ సంఘాలనే ఇప్పుడు సి.బి.సి.ఎన్.సి. (ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల సమాఖ్య) అంటారు. లూథరన్ సంఘాలు కావాలంటే సాలూరు వైపు చూడాలి. ఆర్‌సీఎం వాళ్లకి, అంటే రోమన్ కేథలిక్కులకి, 1993 నుంచి శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) ఉంది. ఇవి కాక పెంతెకోస్తు సంఘాలు, సొంతంగా నడిచే చిన్న చిన్న మందిరాలు వీధివీధికీ కనిపిస్తాయి. కొన్ని పాస్టరు గారి ఇంటి మేడ మీదే జరుగుతాయి, బోర్డు కూడా ఉండదు. శనివారం సాయంత్రం వెళ్లి చోటు చూసుకుని, ఆరాధన ఎన్ని గంటలకో అడిగి రండి.

పెద్ద చర్చిలో ఐదారు వందల మంది మధ్య కూర్చుని ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేయొచ్చు. కొత్త ఊళ్లో మనకి కావలసింది అది కాదని నా అభిప్రాయం. నలభై యాభై మంది ఉండే సంఘంలో మీరు రాకపోతే మీ చోటు ఖాళీగా కనిపిస్తుంది.

చెప్పులు బయట విడవాలి. చాలాచోట్ల చాపల మీద కూర్చుంటారు, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీ అడగండి, మొహమాటం వద్దు. ఆడవాళ్లు ప్రార్థనలో కొంగో చున్నీయో తల మీద వేసుకుంటారు. కానుక సంచి వచ్చినప్పుడు ఉన్నది వేయండి, వేయకపోయినా ఎవరూ చూడరు.

పాటల దగ్గర నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే ఇక్కడా! ఆ పుస్తకంలో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి ఈ కళింగాంధ్రలోనే సువార్త చెప్పినవారు. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాటలు పుట్టిన వైపుకే వచ్చానన్నమాట. రాగం కొంచెం తేడాగా ఉండొచ్చు, డోలక్ దెబ్బ వేరుగా ఉండొచ్చు. రెండో చరణానికల్లా అందుకుంటారు.

"కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అంటారు. టెన్షన్ పడకండి. పేరు, ఊరు, ఏం చేస్తున్నారో చెప్పి, "మా సంఘం తరఫున మీ అందరికీ వందనాలు" అనండి. అంతే చాలు. ఆ మాటతో వాళ్ల ముఖాలు ఎంత విప్పారతాయో మీరే చూస్తారు.

ఒక విషయం మాత్రం ముందే అడిగి తెలుసుకోండి: ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. నాకు పసితనంలోనే బాప్తిస్మం ఇచ్చారు. ఇక్కడ నేను వెళ్లిన మొదటి సంఘంలో, పెద్దయ్యాక నీళ్లలో ముంచి ఇచ్చిన బాప్తిస్మం ఉంటేనే బల్లలో చేయి వేయనిస్తారు. ఆ సంగతి నాకు తెలీదు. రొట్టె పళ్లెం నా ముందు ఆగకుండా పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే అంత నొచ్చుకునేదాన్ని కాదు. తర్వాత చేరిన సంఘంలో మొదటి వారమే "అయ్యగారూ, నా బాప్తిస్మం ఇలాంటిది, బల్లలో పాల్గొనవచ్చా?" అని అడిగాను. సంఘానికో పద్ధతి ఉంటుంది కాబట్టి మీరూ అడగండి. క్రైస్తవులు కాని స్నేహితులు మీతో వస్తే, ఆ సమయంలో ఊరికే కూర్చోవచ్చని వాళ్లకి ముందే చెప్పి తీసుకెళ్లండి.

విదేశాల్లో స్థిరపడి సొంత ఊరు వచ్చినవాళ్లకి రెండు మాటలు. ఆరాధనలో కూర్చోవడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. కానీ ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) మీద వచ్చి మత ప్రచార పని చేయాలంటే 2021 నిబంధనల ప్రకారం ప్రత్యేక అనుమతి ఉండాలి. విదేశీ పౌరులు సంఘానికి చందా ఇవ్వాలనుకుంటే, 2010 విదేశీ విరాళాల చట్టం కింద ఆ సంఘానికి రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉందో లేదో కనుక్కోండి. మీ ప్రేమ పాస్టరు గారికి ఇబ్బంది తెచ్చిపెట్టకూడదు.

ఆశీర్వాదం అయిపోగానే బండి తీసేయకండి. ఓ పది నిమిషాలు నిలబడండి. నేను అలా నిలబడితే ఒక పెద్దావిడ చేయి పట్టుకుని, "ఏ ఊరమ్మా? ఒక్కదానివే ఉంటన్నావేటి? ఇల్లెక్కడ?" అని వరసగా అడిగింది. ఇన్ని ప్రశ్నలేమిటా అనుకుంటూనే వీధి పేరు చెప్పాను. నేను ఆ సంఘానికి వెళ్లడం మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు. అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. మా వీధిలో కరెంటు లేదు, ఫోను కలవదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ, కొడుకు బండి మీద కూర్చుని, కొవ్వొత్తుల పొట్లం, క్యారేజీలో అన్నం పట్టుకుని వీధి చివర నుంచి ఇల్లిల్లూ అడుగుతూ వస్తోంది. ఇంటి గుర్తు నేను సరిగ్గా చెప్పలేదు. మీరు చెప్పేటప్పుడు వీధితో పాటు గుమ్మం రంగు కూడా చెప్పండి.