బగ్ రిపోర్టు ముందుకు కదలకపోతే: లక్షణాలు, కారణాలు, పరిష్కారాలు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌లకు) వచ్చే బగ్ రిపోర్టులను, అంటే లోపాల గురించి వాడేవారు రాసి పంపే వివరాలను, చదివేవారిలో చాలామంది తీరిక వేళల్లో స్వచ్ఛందంగా పనిచేసేవారు. మీ కంప్యూటర్‌లో ఏం జరిగిందో వారికి కనిపించదు, మీరు రాసిన మాటలే వారికి ఆధారం. మీకు ఎదురైన లోపాన్ని వారి కంప్యూటర్‌లోనూ పుట్టించగలిగేలా చేయడమే రిపోర్టు చేయవలసిన పని.

లక్షణం: రోజులు గడిచినా ఎవరూ జవాబివ్వరు

కారణం చాలాసార్లు శీర్షికలోనే ఉంటుంది. "అర్జంటు, సాయం చేయండి" అన్న శీర్షిక చూసి, అది తనకు తెలిసిన విషయమో కాదో ఎవరూ పోల్చుకోలేరు. లోపల "పీడీఎఫ్ పనిచేయడం లేదు" అని మాత్రమే ఉంటే, ఫైలు తెరుచుకోలేదా, ఖాళీగా వచ్చిందా, ప్రోగ్రామే మూతపడిందా అన్నది అడిగి తెలుసుకోవలసి వస్తుంది.

పరిష్కారం: "రెండు పేజీలకు విస్తరించిన పట్టికను పీడీఎఫ్‌గా ఎగుమతి చేయగానే ప్రోగ్రామ్ మూతపడుతోంది" అని శీర్షికలోనే చెప్పండి. ఆ తరువాత మీరు వరుసగా ఏమేం చేశారో, ఏం జరుగుతుందని అనుకున్నారో, నిజానికి ఏం జరిగిందో విడివిడిగా రాయండి. ఎర్రర్ మెసేజ్‌ను ఫొటో తీసి పెట్టకుండా ఉన్నది ఉన్నట్టుగా కాపీ చేసి అతికించండి, ఎందుకంటే చదివేవారు ఆ వాక్యాన్నే సోర్స్ కోడ్‌లో వెతుకుతారు. లోపం కంటికి కనిపించే రూపంలో ఉన్నప్పుడు మాత్రం స్క్రీన్‌షాట్ తప్పనిసరి.

లక్షణం: "మా దగ్గర ఈ సమస్య రావడం లేదు" అంటూ రిపోర్టును మూసేస్తారు

దీన్ని తిరస్కారంగా తీసుకోనవసరం లేదు. మీ కంప్యూటర్‌కూ వారి కంప్యూటర్‌కూ మధ్య ఉన్న తేడా రిపోర్టులోకి రాలేదని మాత్రమే దాని అర్థం. "లేటెస్ట్ వెర్షన్ వాడుతున్నాను" అన్న మాట వారం తిరిగేసరికి పనికిరాకుండా పోవచ్చు. పూర్తి వెర్షన్ నంబరు, ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రామ్‌ను డిస్ట్రో (ఉబుంటు వంటి లినక్స్ పంపిణీ) ప్యాకేజీగా పెట్టుకున్నారా లేక ప్రాజెక్టు సైటు నుంచి దించుకున్నారా అన్నది చెప్పండి. డిస్ట్రోలు తమ ప్యాచ్‌లను (కోడ్‌లో చిన్న మార్పులను) కలుపుతుంటాయి కాబట్టి ఈ చివరి సంగతి ముఖ్యం. ఆపై మీ సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు (అదనంగా జోడించుకున్న భాగాలు) పక్కనపెట్టి ప్రోగ్రామ్‌ను నడిపే లిబ్రెఆఫీస్‌లోని సేఫ్ మోడ్‌లోనో, ఫైర్‌ఫాక్స్‌లోని ట్రబుల్‌షూట్ మోడ్‌లోనో ఒకసారి ప్రయత్నించి చూడండి. లోపం అక్కడ మాయమైతే, మీ సెట్టింగులనో ఎక్స్‌టెన్షన్లనో ముందుగా అనుమానించాలి.

అన్నిటికన్నా విలువైనది చిన్న నమూనా. నలభై పేజీల ఫైలుతో ప్రోగ్రామ్ క్రాష్ అవుతోందనుకుందాం. ఫైలుకు కాపీ తీసుకుని, అందులో సగం పేజీలు తొలగించి చూడండి. క్రాష్ ఇంకా వస్తుంటే మిగిలినదాన్ని మళ్లీ సగం చేయండి, రాకపోతే తొలగించిన సగాన్ని పట్టుకోండి. ఇలా ఐదారు విడతల్లో ఒక పేజీకి, ఆపైన ఒక పట్టికకు, చివరికి ఆ పట్టికలోని ఒక్క గడికి చేరుకోవచ్చు. ఈ ఓపిక పట్టినవారి రిపోర్టును చదివే డెవలపర్‌కు దారి దాదాపుగా కనిపించిపోతుంది. పైగా మీ సొంత సమాచారం బయటపడకుండా నమూనాను ఇవ్వగలుగుతారు.

లక్షణం: జవాబులు వస్తున్నాయి గానీ మీకు పనికిరావడం లేదు

మీకు కావలసినదాన్ని వదిలేసి, దానికోసం మీరు ఎంచుకున్న దారి గురించి అడిగి ఉంటారు. "ఫైలు పేరులోని చివరి మూడు అక్షరాలను విడిగా తీసుకోవడం ఎలా?" అని అడిగితే ఆ మూడు అక్షరాలు తీసుకునే పద్ధతే చెబుతారు. మీకు కావలసింది ఫైలు రకమైతే, నాలుగక్షరాల ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరులో చుక్క తరువాతి భాగం) ఎదురైన రోజున ఆ పద్ధతి తప్పుతుంది. అసలు ఉద్దేశం ముందు చెప్పి, ప్రయత్నించిన దారిని తరువాత చెప్పండి.

లక్షణం: "ఇది మా ప్రోగ్రామ్ లోపం కాదు" అంటారు

తెలుగులో ఒత్తు తప్పుగా పడితే చాలామంది తాము వాడుతున్న ప్రోగ్రామ్‌కే రిపోర్టు చేస్తారు. కానీ లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ మూడూ అక్షరాల కూర్పును హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి లైబ్రరీకి (పలు ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్‌కు) అప్పగిస్తాయి. అదే పదాన్ని అదే ఫాంటుతో మరో ప్రోగ్రామ్‌లో, ఆపైన వేరే ఫాంటుతో టైప్ చేసి చూడండి. ఫాంటు మార్చగానే సరైతే, ముందుగా ఆ ఫాంటు రూపకర్తలకు రాయడం మేలు.

లక్షణం: పాత వెర్షన్‌లో బాగుంది, కొత్తదానిలో చెడింది

ఇలాంటి బగ్‌ను పట్టుకోవడం తేలిక. కోడ్‌లో నమోదైన ఒక్కో మార్పును కమిట్ అంటారు. బాగున్న కమిట్‌ను ఒకటి, చెడిన కమిట్‌ను ఒకటి చూపిస్తే, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లోని బైసెక్ట్ ఆదేశం మధ్యలోని కమిట్‌లను సగానికి సగం తగ్గిస్తూ పోతుంది. 1000 కమిట్‌లున్నా సుమారు 10 పరీక్షల్లో తప్పు జరిగిన చోటు తేలుతుంది. కంపైల్ చేయడం (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ను తయారుచేయడం) రానివారికి ఫైర్‌ఫాక్స్ విషయంలో మోజ్‌రిగ్రెషన్ అనే పరికరం ఉంది, అది పాత బిల్డులను (తయారై ఉన్న ప్రోగ్రామ్ రూపాలను) తానే దించి ఇస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవేవీ బహిరంగంగా రాయకూడదు. ఇతరుల డేటాను దొంగిలించడానికి వీలిచ్చే భద్రతా లోపం కనబడితే, ప్రాజెక్టు అందుకోసం ప్రకటించిన ప్రైవేటు చిరునామాకే పంపి, సవరణ విడుదలయ్యేదాకా ఆగండి.

సవరణ వచ్చాక మీ చిన్న నమూనాను కొత్త వెర్షన్‌లో మళ్లీ నడిపి, సరైందో లేదో వెర్షన్ నంబరుతో సహా అదే రిపోర్టు కింద రాయండి.