ప్రాసెసర్ కూలర్ మార్చడం ఎలా? కొనే ముందు కొలతలు, కొన్నాక బిగింపు

ఏప్రిల్ వచ్చిందంటే చాలా ఇళ్ళలో కంప్యూటర్ ఫ్యాన్ గోల మొదలవుతుంది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచినా హోరే. వెంటనే కొత్త కూలర్ ఆర్డర్ పెట్టేస్తారు. కాస్త ఆగండి. ప్రాసెసర్ (కంప్యూటర్ మెదడు లాంటి చిప్) మీద కూర్చుని దాని వేడిని లాగేసే పరికరమే కూలర్. గాలితో చల్లబరిచే ఏ కూలరైనా ప్రాసెసర్‌ను గది వేడి కంటే కిందికి దించలేదు. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలో కనిపించే అంకెను డిసెంబరు రాత్రి అంకెతో పోల్చి కంగారు పడితే ఎలా?

కాబట్టి ముందు కొలవండి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో, కోర్ టెంప్ లాంటి ఉష్ణోగ్రత చూపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వేసుకుని, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ అనే పరీక్షను పది నిమిషాలు నడపండి. ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలకు చేరిందో, అప్పుడు గదిలో ఎన్ని డిగ్రీలుందో రెండూ రాసి పెట్టుకోండి. ఈ రెండింటి తేడాయే మీకు కావాల్సిన లెక్క. ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. అది తాకగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుసలో పేరు చివర ఎక్స్ ఉన్న రకాలు మాత్రం భారీ పనిలో 95 దాకా వెళ్ళేలాగే తయారయ్యాయి. అది చూసి టెన్షన్ పడక్కర్లేదు.

తర్వాత పాత కూలర్ దుమ్ము దులపండి. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాలి. మూడు నాలుగేళ్ళు దాటిన కంప్యూటర్ అయితే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే, వేడిని దాటించే ముద్ద) ఎండిపోయి ఉండొచ్చు. దుమ్ము దులిపి పేస్ట్ మారిస్తేనే పని అయిపోయే కేసులు చాలా ఉంటాయి. అయినా వేగం పడిపోతున్నా, హోరు తగ్గకపోయినా అప్పుడు కొత్తది కొనండి.

ఏది కొనాలి?

బాక్సు మీద పెద్ద అక్షరాల్లో వేసే వాట్లు, రంగురంగుల ఆర్‌జీబీ లైట్లు చివరి సంగతి. మొదట చూడాల్సింది సాకెట్, అంటే మదర్‌బోర్డ్ (అన్ని భాగాలూ కలిసే పెద్ద బోర్డు) మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. మదర్‌బోర్డ్‌లో కూలర్ బిగించే నాలుగు రంధ్రాల మధ్య దూరం ఒక్కో సాకెట్‌కు ఒక్కోలా ఉంటుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1151, 1200 సాకెట్లకు అది 75 మిల్లీమీటర్లు. 12వ తరంతో వచ్చిన ఎల్‌జీఏ 1700కు 78. మూడు మిల్లీమీటర్లే కదా అని సర్దుకోవడం కుదరదు. అదే మోడల్ పాత స్టాక్‌లో 1700కు సరిపోయే బ్రాకెట్ (బిగింపు పట్టీ) లేకుండా వచ్చే అవకాశం ఉంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా "1700 కిట్ బాక్సులోనే ఉందా?" అని అడిగి తీసుకోండి.

ఏఎండీ వాళ్ళకు కొంచెం సుఖం. వాళ్ళ పాత సాకెట్ ఏఎం4 కూలర్లలో చాలావరకు కొత్త సాకెట్ ఏఎం5కు కూడా సరిపోతాయి. కానీ ఒక మెలిక ఉంది. ఏఎం5లో బోర్డు వెనక ఉండే బ్యాక్‌ప్లేట్ (కూలర్ స్క్రూలు పట్టుకునే పలక) సాకెట్‌తో కలిసే ఉంటుంది, తీసేయలేం. తన సొంత బ్యాక్‌ప్లేట్ వేసుకునే కూలరైతే ఏఎం5కు పనికిరాదు.

రెండోది ఎత్తు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్లు (లోహపు రేకులు నిలువుగా పైకి లేచి ఉండే రకం) మామూలుగా 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. మీ క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్ పట్టుకోగలదో దాని స్పెసిఫికేషన్లలో రాసి ఉంటుంది. బాక్సు పారేసి ఉంటే స్కేలు తీసుకుని మదర్‌బోర్డ్ నుంచి పక్క తలుపు దాకా కొలవండి, కాస్త ఖాళీ వదిలి లెక్కేసుకోండి. సన్నటి ఆఫీసు క్యాబినెట్లలో టవర్ పట్టదు, పొట్టి రకమే దిక్కు. ర్యామ్ స్టిక్కుల మీద ఎత్తైన హీట్‌సింక్ ఉంటే అది ఫ్యాన్‌కు తగులుతుందేమో కూడా చూడాలి. కంపెనీ డెస్క్‌టాప్‌లలో కొన్నిటికి రంధ్రాలు, ఫ్యాన్ కనెక్టర్ మామూలు కొలతల్లో ఉండవు. అలాంటిదైతే విప్పి చూశాకే కొనండి.

మూడోది వాట్లు. ప్రాసెసర్ బాక్సు మీద 65 వాట్లు అని ఉంటుంది గానీ ఇంటెల్ ఐ5-12400 పూర్తి వేగంలో 117 వాట్ల దాకా తీసుకోగలదు. అదే 65 వాట్లు రాసి ఉండే ఐ7-12700 అయితే 180 దాకా వెళ్తుంది. 105 వాట్ల రైజెన్ ప్రాసెసర్లు 142 దాకా తీసుకుంటాయి. మీరు చూడాల్సింది పూర్తి వేగంలో తీసుకునే ఈ రెండో అంకె. ఐ5, రైజెన్ 5 లాంటివాటికి ఒక ఫ్యాన్ ఉన్న 120 మిల్లీమీటర్ల టవర్ బాగా సరిపోతుంది. ఐ7, రైజెన్ 7 మీద రెండరింగ్ చేసేవాళ్ళకు రెండు టవర్లున్న రకం మేలు. ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ అందులో ఫ్యాన్‌కు తోడు పంపు ఉంటుంది, అదీ ఏదో ఒకరోజు అరిగేదే. మామూలు వాడకానికి ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

పాతది విప్పడం

ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డ దగ్గర పెట్టుకోండి. కంప్యూటర్ పది నిమిషాలు నడిపి, షట్‌డౌన్ చేయండి. వేడికి పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కితే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, దాని లోహపు భాగాన్ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి.

ముందు ఫ్యాన్ వైరు తీయండి. ఇంటెల్ వాళ్ళ మామూలు కూలర్ అయితే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. తల మీద బాణం చూపే వైపు పావు వంతు తిప్పి పైకి లాగాలి. ఏఎండీలో స్క్రూలో, కొక్కేలో ఉంటాయి.

ఏఎం4 వాళ్ళు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆ ప్రాసెసర్‌కు కిందే సన్నటి పిన్నులు, అంటే కాళ్ళు ఉంటాయి. పేస్ట్ గట్టిగా పట్టేసి ఉంటే, కూలర్‌ను నిటారుగా లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి దాంతోపాటే వచ్చేస్తుంది, కాళ్ళు వంగిపోతాయి. స్క్రూలన్నీ తీశాక కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ పట్టు వదిలిందని తెలిశాకే ఎత్తండి. ఇంకో సంగతి, ఏఎం4లో ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పగానే వెనక బ్యాక్‌ప్లేట్ ఊడిపోతుంది. బోర్డు వెనక ఒక చెయ్యి అడ్డం పెట్టండి.

కొత్తది బిగించడం

1. ప్రాసెసర్ మీది పాత పేస్ట్‌ను ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మెరిసేదాకా తుడవండి. ప్రాసెసర్‌ను సాకెట్‌లోంచి తీయాల్సిన పని లేదు.

2. మాన్యువల్‌లో మీ సాకెట్ బొమ్మ చూసి బ్యాక్‌ప్లేట్, బ్రాకెట్లు బిగించండి. బాక్సులో మూడు నాలుగు రకాల స్క్రూ ప్యాకెట్లు వస్తాయి. మీకు అక్కర్లేనివి ముందే పక్కన పెట్టేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

3. కూలర్ అడుగున పారదర్శక ప్లాస్టిక్ పొర అంటించి ఉంటే పీకేయండి. దీన్ని మర్చిపోయేవాళ్ళు ఎక్కువ.

4. ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ పెట్టండి. 1700 ప్రాసెసర్ కాస్త పొడవుగా ఉంటుంది, దానికి చిన్న గీతలా వేయండి. కూలర్ అడుగున ముందే పేస్ట్ రాసి ఉంటే మళ్ళీ పెట్టొద్దు.

5. కూలర్‌ను నేరుగా దించండి. నాలుగు స్క్రూలకు, లేదా రెండింటికి, ముందు రెండేసి చుట్లు మాత్రమే తిప్పి పట్టు దొరకనివ్వండి. తర్వాత ఎదురెదురు మూలల్లో వంతులవారీగా బిగించుకుంటూ పోండి. స్క్రూ తనంతట తాను ఆగితే చాలు, ఇంకా బలం పెట్టొద్దు. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వెళ్తే కూలర్ వాలిపోయి పేస్ట్ ఒక పక్కకే పోతుంది.

6. ఫ్యాన్ తగిలించండి. ఫ్రేమ్ కమ్మీలు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. అది క్యాబినెట్ వెనక ఉన్న ఫ్యాన్ వైపు తిరిగి ఉండాలి. వైరును మదర్‌బోర్డ్ మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌కే పెట్టండి.

ఆన్ చేశాక

తలుపు మూయకుండా ఆన్ చేయండి. సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని వస్తే వైరు వేరేచోట పెట్టారేమో, సరిగా కూర్చోలేదేమో చూడండి. బయోస్‌లో (విండోస్ రాకముందు తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగుల తెరలో) ఉష్ణోగ్రత ఒక చోట నిలబడాలి. పైపైకి ఎక్కుతూనే ఉంటే ఆపేసి మళ్ళీ విప్పండి. ప్లాస్టిక్ పొర ఉండిపోయిందో, ఒక మూల బిగియలేదో తేలిపోతుంది. విప్పిన ప్రతిసారీ పేస్ట్ తుడిచి కొత్తగా పెట్టాలి.

అంతా బాగుంటే సినీబెంచ్ మళ్ళీ పది నిమిషాలు నడిపి, గది వేడిని తీసేసి పాత అంకెతో పోల్చండి. డిగ్రీలు తగ్గినా ఫ్యాన్ పదే పదే రయ్యిమని లేచి పడుతుంటే బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఎంత వేగం అనే సెట్టింగ్) కొంచెం మార్చండి. 60 డిగ్రీల లోపు నిదానంగా, ఆపైన వేగంగా తిరిగేలా పెడితే మామూలు పనిలో చప్పుడు దాదాపు వినిపించదు.

పాత కూలర్, దాని స్క్రూలు, ఏఎం4 అయితే ఆ ప్లాస్టిక్ బ్రాకెట్లు ఒక కవర్లో వేసి దాచండి. కొత్త ఫ్యాన్ ఎప్పుడైనా మొరాయిస్తే, ఇంకోటి వచ్చేదాకా కంప్యూటర్ నడవడానికి అవే కావాలి.