సింగపూర్‌లో తిండి ఖర్చు తగ్గాలంటే హాకర్ సెంటర్లకు వెళ్లండి

మన నెల్లూరు వాళ్లకి సింగపూర్ దగ్గరే. చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానం. జేబుకి చిల్లు పడేది అక్కడ తిండి దగ్గర. చాలా రెస్టారెంట్లు బిల్లు మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, 9 శాతం జీఎస్టీ వేస్తాయి. అందుకే హాకర్ సెంటర్లకు వెళ్లండి. ఒకే కప్పు కింద చైనీయుల, మలయ్‌ల, మన దక్షిణాది వాళ్ల చిన్న చిన్న అంగళ్లు వరసగా ఉంటాయి. ఈ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. శాకాహారులకి లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ మేలు. చేపల పులుసు ఇష్టమైతే చేప తలకాయ కూర తప్పకుండా తినండి. చింతపండు పులుపు తగులుతుంది, మనవాళ్లకి భలే నచ్చుతుంది!

బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే అక్కడ కూర్చోకండి, ఎవరో సీటు పట్టుకున్నారని అర్థం. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, లేకపోతే జరిమానా పడొచ్చు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు కాబట్టి ఖాళీ బాటిల్ ఒకటి సంచిలో పెట్టుకోండి.