ప్రమాదాల రేటు తేడా ఎక్కడుందో దొరికింది (నా అనుభవం)

మా రెండు యూనిట్లలోనూ గాయపడి పనికి రాలేకపోయిన కేసులు మూడేసి, పనిగంటలు 6 లక్షల చొప్పున. అయినా రేటు (నిర్ణీత పనిగంటలకు ఎన్ని కేసులనే లెక్క) ఒకచోట 1, ఇంకోచోట 5. ఎక్సెల్ మళ్లీ చేశాం, రిజిస్టర్లు తిరగేశాం, లాభం లేదు.

చివరికి షీట్లు పక్కపక్కన పెట్టి, కేసుల సంఖ్యను దేనితో గుణించారో చూశాను. ఒకరు అమెరికా ఓషా (పనిచోట భద్రత చూసే సంస్థ) పద్ధతిలో 2,00,000 (100 మంది, వారానికి 40 గంటలు, 50 వారాలు) వాడారు. ఇంకొకరు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం 10,00,000. ముందు రెండింటినీ 10 లక్షలకు మార్చాను: 3 × 10,00,000 ÷ 6,00,000 = 5.

తర్వాత గేటు హాజరు తీసి కాంట్రాక్టు కార్మికుల గంటలు, ఓటీ (ఓవర్‌టైమ్) కలిపాను. గాయపడ్డవాళ్లలో కాంట్రాక్టు మనిషి ఉన్నాడు, ఆయన పనిచేసిన గంటలు మాత్రం లెక్కలో లేవు. అది చూసి మనసు చివుక్కుమంది. నేను పనిచేసే యూనిట్ గంటలు 7.5 లక్షలయ్యాయి, రేటు 4కి వచ్చింది.

మీ దగ్గరా ఇదే కారణమని చెప్పలేను. చిన్న యూనిట్‌లో ఒక్క ప్రమాదానికే రేటు ఎగిరిపోతుంది కాబట్టి, మూడేళ్లవి కలిపి పోల్చడం మేలనిపిస్తోంది.