హుగ్లీ ఒడ్డు గోదాముల వెంట నడిచే ముందు

దుర్గాపూజలు అయ్యాయి, కలకత్తాలో చలిగాలి మొదలైంది. ఇక ఊరి నుంచి ఫోన్లు వస్తాయి, నది ఒడ్డున పాత గోదాములు, మిల్లులు నడిచి చూస్తామంటూ. రండి. ఆర్మేనియన్ ఘాట్ దగ్గర మొదలుపెట్టి బాగ్‌బజార్ దాకా ఆగి ఆగి నడిస్తే మూడు గంటల పని. ఖాళీ గోదాము అనగానే చాలామందికి దొంగల టెన్షన్. నా వరుస వేరు: ముందు నీళ్లు, తర్వాత గోడలు, ఆ తర్వాత రైలు.

రాజమండ్రి ఘాట్ మెట్ల మీద కూర్చుని పెరిగినవాళ్లకి నది ఒక దిక్కుకే పారుతుందని నమ్మకం. అక్కడ దిగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉంది, సముద్రపు పోటు దాన్ని దాటి రాదు. హుగ్లీకి అలాంటి అడ్డేమీ లేదు. సముద్రం వంద కిలోమీటర్ల పైనే ఉన్నా, రోజుకు రెండుసార్లు నీరు ఎదురెక్కి వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర రోజుల్లో ఒక్కోసారి ఆ పోటు పెద్ద అలలా లేచి వస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని బాన్ అంటారు. అది వచ్చే ముందు నది బాగా తగ్గి, ఎప్పుడూ మునిగి ఉండే కింది మెట్లు బయటపడతాయి. ఫొటో కోసం దిగాలనిపించేది సరిగ్గా అప్పుడే. ఒడ్డున కట్టిన పడవల్ని విప్పి నడినదికి తీసుకుపోతున్నారంటే, మీరు మారు మాట్లాడకుండా పైకి వచ్చేయండి. 2017 ఏప్రిల్‌లో భద్రేశ్వర్ దగ్గర తెలినీపాడా ఘాట్‌లో పోటు తాకిడికి వెదురు జెట్టీ కూలి చాలామంది చనిపోయారు. వాళ్లంతా లాంచీ కోసం నిలబడ్డవాళ్లే. అందుకని జెట్టీ చివర గుంపులో నిలబడొద్దు, లాంచీ వచ్చి కట్టాకే ముందుకు నడవండి.

బాన్ లేని రోజైనా ఆ కింది మెట్లు నమ్మదగ్గవి కావు. నీరు తీసిన చోట బూడిదరంగు ఒండ్రు పూసుకుని ఉంటుంది. మా బావ కొత్త లెదర్ చెప్పులతో రెండు మెట్లు దిగి, మూడో మెట్టు మీద కూర్చునే దిగాడు. ఫోన్ నదికే పోయింది. పట్టున్న రబ్బరు అడుగు బూట్లు వేసుకోండి. దారిలో తుప్పు మేకులు, రేకు ముక్కలు కూడా ఉంటాయి. టెటనస్ ఇంజక్షన్ వేయించుకుని చాలా ఏళ్లయితే బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి.

గోడల విషయానికొస్తే, వానాకాలమంతా నీళ్లు తాగిన సున్నపు గోడలవి. చూరుల్లో రావిమొక్కలు వేళ్లు దించుకుని ఉంటాయి. వాన వెలిసింది కదా అని ధీమా వద్దు, పెచ్చులు తర్వాత కూడా రాలతాయి. కార్పొరేషన్ వాళ్లు కొన్నిటికి ‘బిపజ్జనక్ బాడి’ అని బోర్డు తగిలిస్తారు, ప్రమాదకరమైన ఇల్లు అని అర్థం. ఆ బోర్డు కిందే టీ కొట్టు నడుస్తుంటుంది, అది చూసి మోసపోకండి. బోర్డు లేని గోడ మంచిదనీ అనుకోకండి. బాల్కనీల కింద కాకుండా దారి మధ్యగా నడవడం మేలు. లోపలికి తొంగిచూడాలంటే వాకిట్లో ఉన్నవాళ్లని అడగాలి. మనకు పాడుబడ్డట్టు కనిపించే గోదాములో ఎవరో వంట చేసుకుంటూ ఉంటారు, ఎవరో బస్తాలు దించుతూ ఉంటారు.

చక్రరేల్, అంటే ఊరి చుట్టూ తిరిగే లోకల్ రైలు, దాని పట్టాలు నది వెంటే పోతాయి. రైళ్లు తక్కువ కావడంతో జనం పట్టాల మీదే బట్టలారేస్తారు, పిల్లలు ఆడతారు. అది చూసి మనమూ పట్టాల మధ్య నడుస్తాం. వాళ్లకి రైలు వేళలు నోటికొచ్చు, మనకి రావు. ఇయర్‌ఫోన్లు తీసేయండి.

మల్లిక్ ఘాట్ పూలబజారులో నెత్తిన మూట ఉన్నవాడిదే దారి. నీమ్‌తలా శ్మశానం దగ్గర కెమెరా సంచిలో పెట్టేయండి. 1941లో రవీంద్రుడికి అంత్యక్రియలు జరిగిన చోటని అందరూ వెళ్తారు గానీ, అక్కడ ఏడుస్తున్న కుటుంబాలు ఇవాళ్టివి.

మరో మాట, చీకటి. డిసెంబర్‌లో ఇక్కడ అయిదింటికల్లా సూర్యుడు పోతాడు. హైదరాబాద్ లెక్కన సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరితే చూసేదేమీ ఉండదు. ఉదయమే నయం. అయితే జనవరి మంచులో లాంచీలు ఆపేస్తారు, అవతలి ఒడ్డు నుంచి లాంచీలో రావాలనుకునేవాళ్లు ఆలస్యానికి సిద్ధపడాలి.

ఓపికుంటే సియాల్దాలో లోకల్ ఎక్కి టీటాగఢ్ వెళ్లండి. 1855లో రిష్రాలో తొలి జూటు మిల్లు మొదలయ్యాక ఈ నది రెండు ఒడ్లా మిల్లులు లేచాయి. 1947 దేశ విభజనలో జనపనార పండే పొలాలు ఎక్కువగా తూర్పు పాకిస్తాన్‌కి పోయి, మిల్లులు ఇటు మిగిలాయి. కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఇంకా నడుస్తున్నాయి కాబట్టి ఏ గేటునీ ఖాళీదనుకుని తోయొద్దు, దర్వాన్‌తో మాట్లాడండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరాల కిందట వచ్చిన కార్మికుల కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మిల్లు లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరసల్లో, తెలుగు వినబడితే పలకరించండి. “ఏ ఊరు బాబూ మీది?” అని మొదలవుతుంది, టీ తాగకుండా కదలనివ్వరు. చీకటి లెక్క వేసుకునేటప్పుడు ఆ అరగంట కూడా కలుపుకోండి.