మొదటి గేమ్‌లో గెంతు ఒక్కటి కుదిరితే చాలు

గేమ్ డెవలప్‌మెంట్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఓపెన్ వరల్డ్ (ఆటగాడు ఎటైనా తిరగగల పెద్ద లోకం ఉన్న గేమ్) జోలికి పోవద్దు. ఒక తెర, ఒక బొమ్మ, ఒక నేల, ఒక గెంతు. ఆ గెంతును చేతికి హాయిగా తగిలేదాకా సరిచేయడంలోనే చాలా విద్య వస్తుంది.

ఇంజన్‌గా, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌గా, గోడో (Godot) 4 తీసుకోండి. ఉచితం, జిప్ విప్పి నడపడమే. పాత ల్యాప్‌టాప్ అయితే కొత్త ప్రాజెక్ట్ సృష్టించేటప్పుడు రెండరర్‌గా (తెరపై బొమ్మలు గీసే భాగం) 'కంపాటిబిలిటీ' ఎంచుకోండి. ఏ పాఠంలోనైనా 'కైనమాటిక్‌బాడీ2డి' కనబడితే అది గోడో 3 నాటిది, ఆ కోడ్ ఇక్కడ నడవదు.

2డి సీన్‌లో క్యారెక్టర్‌బాడీ2డి (కదిలే పాత్ర) చేర్చి, దాని కింద స్ప్రైట్2డి (కనబడే బొమ్మ), కొలిజన్‌షేప్2డి (ఢీకొనే హద్దు) పెట్టండి. ప్రాజెక్ట్‌తో వచ్చే 128 పిక్సెళ్ల ఐకాన్‌నే బొమ్మగా వాడి, స్ప్రైట్ స్కేల్ 0.5 చేయండి. కొలిజన్‌కు 64×64 రెక్టాంగిల్ ఇవ్వండి; దాని సైజే మార్చాలి, స్కేల్ ముట్టుకోకూడదు. నేలకు స్టాటిక్‌బాడీ2డి (కదలని వస్తువు), దానికీ ఒక కొలిజన్‌షేప్, కంటికి కనబడేందుకు కలర్‌రెక్ట్ (రంగు దీర్ఘచతురస్రం). బొమ్మకు స్క్రిప్ట్ జతచేసేటప్పుడు 'బేసిక్ మూవ్‌మెంట్' టెంప్లేట్ (నడక, గెంతు ముందే రాసి ఉన్న కోడ్) ఉంచి, సీన్‌ను నడపడానికి ఎఫ్6 నొక్కండి.

బొమ్మ నేలలోంచి జారిపోతే కొలిజన్‌షేప్‌కు ఆకారం ఇవ్వలేదన్నమాట. సీన్ ట్రీలో (సీన్‌లో చేర్చినవన్నీ కనబడే జాబితా) పసుపు త్రికోణం అదే చెబుతుంది. నత్తనడక నడిస్తే పక్కకు నడిచే వేగాన్ని డెల్టాతో (ఒక ఫ్రేమ్‌కూ తర్వాతి ఫ్రేమ్‌కూ మధ్య గడిచిన సమయం) గుణించి ఉంటారు. బొమ్మను కదిపే 'మూవ్ అండ్ స్లైడ్' ఫంక్షన్ ఆ పని తానే చేస్తుంది. గ్రావిటీకి మాత్రం డెల్టా కావాలి, ఎందుకంటే అది వేగాన్ని క్షణక్షణం పెంచుతుంది.

ఇక అసలు సంగతి. టెంప్లేట్‌లో గెంతు వేగం -400 (తెరపై వై విలువ కిందికి పెరుగుతుంది కాబట్టి మైనస్), గ్రావిటీ 980. వేగం వర్గాన్ని గ్రావిటీకి రెట్టింపుతో భాగిస్తే ఎత్తు వస్తుంది: సుమారు 82 పిక్సెళ్లు. గాలిలో ఉండేది 0.82 సెకను, బొమ్మ బెలూన్‌లా తేలుతుంది. వేగం -600, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో గ్రావిటీ 2200 చేసి చూడండి. ఎత్తు అంతే, సమయం 0.55 సెకనుకు తగ్గుతుంది. తేడా వేళ్లకు వెంటనే తెలుస్తుంది.

బొమ్మ నేల అంచు దాటాక కూడా 0.1 సెకను పాటు గెంతనివ్వండి. అది లేకపోతే ఆడేవాళ్లు 'నేను నొక్కాను, గెంతలేదు' అంటారు, వాళ్ల మాట నిజమే. నేల మీద ఉన్నప్పుడల్లా ఒక టైమర్ వేరియబుల్‌ను 0.1కి నింపి, గాలిలో డెల్టా చొప్పున తగ్గించండి. అది సున్నా కంటే ఎక్కువుంటే గెంతు ఒప్పుకోండి. గెంతగానే సున్నా చేయడం మరవద్దు, మరిస్తే గాలిలో రెండోసారి గెంతుతుంది.

తర్వాత ఏరియా2డితో (ఏదైనా లోపలికి వస్తే పసిగట్టే ప్రాంతం) ఒక జెండా పెట్టండి, తాకితే గెలుపు. ఆపై ఏమీ వివరించకుండా మరొకరి చేత ఆడించి, ఎక్కడ తడబడ్డారో రాసుకోండి.