కుడివైపు గుండె వీక్ అయితే ఇంట్లో ఏం గమనించాలి

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోయిందేమో అని కంగారు పడతారు చాలామంది, అది కాదు, పంపింగ్ తగ్గిందని అంతే. ఒంట్లోంచి వచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకి తోసేది కుడివైపు, అది సరిగ్గా తోయకపోతే రక్తం వెనకే ఆగిపోయి కాళ్లల్లో, పొట్టలో నీరు చేరుతుంది, లివర్ కూడా ఉబ్బుతుంది.

ముందు కాళ్లు చూడండి. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి వదిలాక గుంట అలాగే ఉంటే నీరు పట్టినట్టే (మంచం మీదే ఉండే పెద్దవాళ్లకి నడుము కింద చూడాలి, ఇది చాలామంది మిస్సవుతారు). మెడ నరాలు ఉబ్బడం, కుడి డొక్కలో బరువు, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం కూడా దీనివల్ల కావచ్చు, గ్యాస్ అనుకుని టాబ్లెట్లు మింగుతూ కూర్చోకండి.

బరువు రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు చూసి రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగిందంటే అది కొవ్వు కాదు నీరే అయ్యుంటుంది, వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

కారణం ఎక్కువగా ఎడమవైపు వీక్ అవడమే, ఇంకా సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు), చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో పాడైన వాల్వులు. ఎకో (గుండె స్కాన్) తీస్తే చాలావరకు తేలిపోతుంది.

ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు తగ్గించాల్సిందే, కష్టమే మనకి. మోకాళ్ల నొప్పులకని డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు, నీరు ఇంకా పట్టేస్తుంది. ఆయాసం ఒక్కసారిగా పెరిగినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ కొట్టండి.